అమెరికా పోస్ట్‌డాక్, ఏఎంహెచ్ రిపోర్టు, మూడు వారాల గడువు

ప్రశ్న:

ఈ వారం తీసుకున్న ఉత్తరం హైదరాబాద్ నుంచి ఒక పరిశోధకురాలు రాసినది. తన పేరు, సంస్థ పేరు బయటపెట్టవద్దని ఆమె కోరారు కనుక ఆ వివరాలు వదిలేసి, విషయాన్ని మాత్రం కుదించి ఇస్తున్నాను.

ఆమె వయసు 33. నగరంలోని ఒక పరిశోధన సంస్థలో ఎలుకల వృషణాల్లో ఉండే బీజ మూలకణాల మీద ఆరేళ్లు పని చేసి గత ఏడాది పీహెచ్‌డీ పూర్తి చేశారు. ప్రస్తుతం అదే ల్యాబ్‌లో రిసెర్చ్ అసోసియేట్‌గా ఉంటూ, పరిశోధన పత్రానికి రివ్యూయర్లు అడిగిన అదనపు ప్రయోగాలు చేస్తున్నారు. పెళ్లయి నాలుగేళ్లయింది. భర్త గచ్చిబౌలిలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. ఇద్దరూ తార్నాకలో అద్దె ఇంట్లో ఉంటున్నారు, అత్తమామలది వనస్థలిపురం. పీహెచ్‌డీ అయ్యేవరకు పిల్లలు వద్దనుకున్నారు.

ఇప్పుడు అమెరికాలోని ఒక యూనివర్సిటీ ల్యాబ్‌లో పోస్ట్‌డాక్ (పీహెచ్‌డీ తరువాత చేసే తాత్కాలిక పరిశోధన ఉద్యోగం) అవకాశం వచ్చింది. ఐపీఎస్ కణాల (మామూలు శరీర కణాలను వెనక్కి మార్చి తయారు చేసే మూలకణాల) నుంచి మానవ బీజకణాలను, అంటే అండాలను, వీర్యకణాలను తయారు చేసే ప్రాజెక్టు అది. ఏడాదికొకసారి పొడిగించే పద్ధతిలో రెండేళ్లు ఉంటుందని, మూడు వారాల్లో జవాబు చెప్పాలని అన్నారట. సరిగ్గా అదే వారంలో, హెల్త్ చెకప్ ప్యాకేజీలో భాగంగా చేయించుకున్న రక్తపరీక్షలో, అండాల నిల్వను సూచించే ఏఎంహెచ్ అనే హార్మోను 1.1 అని వచ్చింది. "వయసుకు తక్కువే, ఆలస్యం చేయకండి" అని డాక్టరు రెండు నిమిషాల్లో తేల్చి పంపారు. మరోవైపు నగరంలోని ఒక ఐవీఎఫ్ సెంటర్, ఇప్పటి ఫెలోషిప్‌కు దాదాపు రెట్టింపు జీతంతో, పిండాలను పెంచి చూసే ఎంబ్రియాలజీ ల్యాబ్‌లో చేరమంటోంది. గైడ్ మాత్రం పత్రం అచ్చయ్యేదాకా కదలవద్దంటున్నారు. భర్త "నీ ఇష్టం" అని ఊరుకుంటున్నారు. మొన్న ఒక గృహప్రవేశంలో అత్తగారు బంధువుల ముందు, "పిల్లలు ఎలా పుడతారో చదివి డాక్టరేట్ తెచ్చుకుంది, మా ఇంట్లో మాత్రం ఊయల కట్టనివ్వదు" అన్నారట.

బిడ్డ ముందా, పోస్ట్‌డాక్ ముందా, అండాలు ఫ్రీజ్ చేయించుకుని వెళ్లిపోతే రెండూ దక్కుతాయా, ఇలా ఆలోచించడం స్వార్థమా అన్నవి ఆమె అడిగిన ప్రశ్నలు.

జవాబు:

ఒక ఈమెయిల్ గడువు, ఒక రక్తపరీక్ష, ఒక పరిశోధన పత్రం, ఇంట్లోవాళ్ల మాటలు అన్నీ ఒకే వారంలో మీద పడ్డాయి. దాంతో అవన్నీ ఒకే ప్రశ్న అయినట్లు, ఒకే జవాబుతో తేలిపోవాలన్నట్లు మీరు రాశారు. వాటిలో దేని గడువు దానిదే. మిమ్మల్ని నిద్రపోనివ్వని ఆ మూడు వారాల గడువు వాటన్నిటిలోకీ సడలించదగినది. మీకోసం ఒక ప్రొఫెసర్ ఇంటర్వ్యూలు చేసి, సిఫారసు లేఖలు తెప్పించుకుని, ఉద్యోగం ఇవ్వజూపిన తరువాత, చేరే తేదీని కొన్ని నెలలు వాయిదా వేయమని అడిగితే సాధారణంగా కోపగించుకోరు. వీసా పత్రాలకే చాలా ల్యాబుల్లో నెలలు పడుతుంది. అందుకని ముందు రక్తపరీక్ష దగ్గర మొదలుపెడతాను.

ఏఎంహెచ్ గురించి మీకు నేను చెప్పవలసినది లేదు కానీ, ఇది చదివే ఇతరుల కోసం రెండు మాటలు. అండాశయంలో ఎదుగుతున్న చిన్న పుటికల (అండాలు పెరిగే సంచుల్లాంటి ఫాలికిల్స్) కణాలు ఈ హార్మోనును విడుదల చేస్తాయి. కనుక అది నిల్వ ఎంత ఉందో ఉజ్జాయింపుగా చెబుతుంది, ఐవీఎఫ్ కోసం ఇంజెక్షన్లు ఇస్తే ఎన్ని అండాలు చేతికి రావచ్చో అంచనా వేయడానికి పనికొస్తుంది. ఉన్న అండాల నాణ్యత గురించి గాని, సహజంగా గర్భం వస్తుందా రాదా అన్నదాని గురించి గాని అది చెప్పగలిగేది చాలా తక్కువ. 30 నుంచి 44 ఏళ్ల మధ్య ఉండి, అంతకుముందు సంతానలేమి సమస్య లేని సుమారు 750 మంది స్త్రీలను అమెరికాలో పరిశీలించి 2017లో ప్రచురించిన అధ్యయనంలో, ఏఎంహెచ్ తక్కువగా ఉన్నవారికి గర్భం వచ్చే అవకాశం మిగతావారి కంటే తగ్గినట్లు తేలలేదు. గర్భనిరోధక మాత్రలు వాడుతున్నప్పుడు ఈ సంఖ్య అసలు కంటే తక్కువగా కనిపించవచ్చు కూడా. మీరు వాడుతున్నారో లేదో ఉత్తరంలో రాయలేదు. ఎలుకల నమూనాలో ఇలాంటి ఒక్క కొలత వస్తే, ఇంకోసారి చేయకుండా, మరో ఆధారం లేకుండా ల్యాబ్ మీటింగ్‌లో చూపించడానికి మీరు ఒప్పుకుంటారా? మీ సొంత నమూనాకు కూడా అదే మర్యాద ఇవ్వండి. స్కాన్‌లో పుటికల లెక్క చూపించుకుని, తీరిగ్గా మాట్లాడే వేరొక డాక్టరు దగ్గర అరగంట కూర్చోండి.

అలాగని వయసు సంగతిని తేలిక చేయను. ఆడపిల్ల పది నుంచి ఇరవై లక్షల అండాలతో పుడుతుందని, అవన్నీ తల్లి కడుపులో ఉన్నప్పుడే క్షయకరణ విభజన (క్రోమోజోముల సంఖ్యను సగం చేసే మియోసిస్) మొదలుపెట్టి మధ్యలో ఆగిపోయి, దశాబ్దాల తరబడి అలాగే వేచి ఉంటాయని మీకు తెలుసు. 35 దాటాక క్రోమోజోములు సరిగ్గా పంచుకోని అండాల శాతం పెరుగుతూ పోతుంది. ఇది 1.1 అన్నా, 3 అన్నా అందరికీ వర్తించేదే. 33లో వెళ్లి రెండేళ్లు ఉంటే 35, ఒక ఏడాది పొడిగిస్తే 36. మీరు లెక్కలోకి తీసుకోవలసిన అంకె ఏదైనా ఉంటే అది ఇదే.

ఇంకొక మాట, కాస్త నిష్ఠురంగానే. ఆరేళ్లపాటు మగ ఎలుకల వృషణాల మీద పని చేసిన మీరు, ఇంత పొడుగు ఉత్తరంలో మీ భర్త పరీక్ష గురించి ఒక్క వాక్యం రాయలేదు. సంతానం కలగని జంటల్లో దాదాపు సగం సందర్భాల్లో మగవారి వైపు కారణం కూడా ఉంటుంది. వీర్యపరీక్ష తక్కువ ఖర్చుతో, ఒక్క పూటలో అయిపోయేది. ఆ రిపోర్టు లేకుండా మీ అండాశయం మీద మాత్రమే ఒక జీవిత ప్రణాళిక కట్టడం మీ చదువుకే అన్యాయం. పైగా ఆయన ఆ ఒక్క పరీక్షకు వెళితే, "నీ ఇష్టం" అనడం వెనుక ఉన్న దూరం కూడా కొంత తగ్గుతుంది. నిర్ణయం మొత్తం మీకు వదిలేయడం పైకి ఉదారంగా కనిపిస్తుంది గాని, రేపు ఏ దారి బెడిసికొట్టినా బాధ్యత మీ ఒక్కరిదే అవుతుంది. ఆయన తన ఉద్యోగం వదిలి అమెరికా రావడానికి సిద్ధమా, రాకపోతే రెండేళ్లు విడిగా ఉండడానికి సిద్ధమా, మీరు అక్కడ గర్భవతి అయితే ఎన్ని నెలలు దగ్గరుండగలరు అన్న మూడింటికీ సూటిగా జవాబు రాబట్టండి.

అండాలు ఫ్రీజ్ చేయించుకోవడం ఒక మార్గమే. దానివల్ల ఏమి వస్తుందో, ఏమి రాదో చూద్దాం. మీరు వివాహిత కనుక అండాలనైనా నిల్వ చేయవచ్చు, భర్త వీర్యంతో ఫలదీకరించి పిండాలనైనా నిల్వ చేయవచ్చు. పిండాలుగా మారిస్తే వాటిలో ఎన్ని అయిదో రోజు దాకా ఎదిగాయో ఇప్పుడే తెలుస్తుంది. అండాలుగా ఉంచితే, కరిగించి చూసేదాకా తెలియదు. కానీ భవిష్యత్తులో నిర్ణయం మీ ఒక్కరి చేతిలో ఉంటుంది. ఏఎంహెచ్ తక్కువ అన్నదానికి నిజంగా అర్థం ఉన్నది ఇక్కడే: ఒక్క విడతలో చేతికి వచ్చే అండాలు కొన్నే కావచ్చు, రెండో విడత అవసరపడవచ్చు. డబ్బు, ఇంజెక్షన్లు, సెలవులు అన్నీ ఆ మేరకు పెరుగుతాయి. చట్టం వైపు నుంచి కూడా రెండు సంగతులు చూసుకోవాలి. 2021 నాటి సహాయక పునరుత్పత్తి సాంకేతికతల చట్టం ప్రకారం పిండాలను పదేళ్లకు మించి నిల్వ ఉంచకూడదు. సొంత అవసరానికైనా వాటిని దేశం దాటించాలంటే జాతీయ బోర్డు అనుమతి తప్పనిసరి. అంటే హైదరాబాద్‌లో నిల్వ చేసినవి హైదరాబాద్‌లోనే ఉంటాయనుకుని లెక్క వేసుకోండి, వాటి కోసం మీరే సెలవు పెట్టి రావాలి. ఇంత చేసినా బిడ్డ దక్కుతుందన్న హామీ ఎవరూ ఇవ్వలేరు. ఈ మార్గాన్ని వద్దనడం లేదు, దీన్ని నమ్ముకుని మిగతా లెక్కలు మానేయవద్దని మాత్రమే అంటున్నాను.

ఇక అమెరికా ప్రాజెక్టు. నాకు మీ ఉత్తరంలో అన్నిటికంటే ఆసక్తి కలిగించిన భాగం ఇదే, మీరు అన్నిటికంటే తక్కువ రాసిన భాగమూ ఇదే. ఈ రంగంలో దారి వేసినవారు జపాన్ శాస్త్రవేత్తలు. యమనాకా 2006లో ఎలుకల కణాలతో, 2007లో మానవ కణాలతో ఐపీఎస్ కణాలను తయారు చేశారు. 2012లో సైతో, హయాషీ బృందం ఎలుకల మూలకణాల నుంచి అండాలను రాబట్టి పిల్లల్ని పుట్టించింది. 2016లో ఆ ప్రక్రియ మొత్తాన్ని గాజుపాత్రలోనే పూర్తి చేయగలిగారు. మానవ కణాల విషయంలో 2018లో సైతో బృందం అండాల తొలి దశ అయిన ఊగోనియా వరకు తీసుకెళ్లగలిగింది. దానికి ఎలుక పిండాల అండాశయ కణాలతో కలిపి సుమారు నాలుగు నెలలు పెంచవలసి వచ్చింది. ఫలదీకరణకు పనికొచ్చే మానవ అండం ఆ దారిలో ఇప్పటికీ రాలేదు.

ఈ నాలుగు నెలలన్న అంకెను మీ జీవితంలోకి తెచ్చి చూడండి. ఒక్కో ప్రయోగం నాలుగు నెలలు పట్టే చోట, రెండేళ్ల కాంట్రాక్టులో ఎన్ని సార్లు తప్పు చేసి దిద్దుకునే వీలుంటుంది? మొదటి ఏడాది చేయి తిరగడానికే సరిపోతుంది. మధ్యలో ప్రసవానికి మూడు నెలలు ఆగితే, ఇంకొకరు రోజూ కణాలు పెరిగే పోషక ద్రవాన్ని మార్చి కణాలను బతికించకపోతే, మొత్తం మళ్లీ మొదటికి వస్తుంది. కాబట్టి ప్రొఫెసర్‌ను అడగవలసిన మొదటి ప్రశ్న జీతం గురించి కాదు. ఆ ప్రాజెక్టు మీ ఒక్కరి చేతి మీదే నడుస్తుందా, ఇంకొక పోస్ట్‌డాక్‌తోగాని విద్యార్థితోగాని కలిసి నడుస్తుందా అని అడగండి. మానవ కణాల పెద్ద ప్రశ్నతోపాటు, ఏడాదిన్నరలో పత్రంగా తేలే చిన్న ఎలుకల ప్రాజెక్టు ఒకటి పక్కన ఇస్తారా అని కూడా అడగండి. మీకు ఎలుకల బీజ మూలకణాలు బాగా తెలుసు కనుక ఇది గొంతెమ్మ కోరిక ఏమీ కాదు. ఆ ఎలుకల ప్రాజెక్టుతో ఇంకో ఉపయోగమూ ఉంది. తిరిగి వచ్చాక ఇక్కడ మానవ మూలకణాల మీద పని చేయాలంటే భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్), కేంద్ర జీవసాంకేతిక విభాగం (డీబీటీ) 2017లో ప్రకటించిన జాతీయ మార్గదర్శకాలు, సంస్థాగత కమిటీల అనుమతులు ఉంటాయి. మానవ పిండాన్ని 14 రోజులకు మించి పెంచడం నిషిద్ధం. అక్కడ నేర్చుకున్నదానిలో ఇక్కడ సొంత ల్యాబ్ పెట్టి చేయగలిగేది ఎంత అన్నది ఇప్పుడే ఆలోచించాలి.

రెండో ప్రశ్న డబ్బు ఎక్కడిదన్నది. మానవ పిండాలను సృష్టించే, నాశనం చేసే పరిశోధనకు అమెరికా ఫెడరల్ నిధులు వాడకూడదని 1996 నుంచీ అక్కడ నిషేధం ఉంది. అటువైపు వెళ్లే ప్రాజెక్టులు ప్రైవేటు లేదా రాష్ట్రాల సొమ్ముతో నడుస్తాయి. ఫెడరల్ గ్రాంట్లు నిశ్చింతగా ఉంటాయనుకునే రోజులు కూడా పోయాయి, 2025లో అక్కడి జాతీయ ఆరోగ్య సంస్థల (ఎన్‌ఐహెచ్) గ్రాంట్లు ఎన్నో మధ్యలోనే రద్దయ్యాయి. ఏడాదికొకసారి పొడిగించే నియామకంలో, మీరు గర్భవతిగా ఉన్నప్పుడు గ్రాంటు ముగిస్తే ఏమవుతుందో అడిగి, జవాబు ఈమెయిల్‌లో తెప్పించుకోండి. ఎన్‌ఐహెచ్ 2024కు ప్రకటించిన కనీస స్థాయి ప్రకారం కొత్త పోస్ట్‌డాక్‌కు ఏడాదికి 61,008 డాలర్లు. రూపాయల్లోకి మార్చి చూస్తే ఘనంగా ఉంటుంది గాని, పెద్ద నగరంలో అద్దె, పసిబిడ్డకు డేకేర్ కలిపితే ఒక్క జీతం మీద నెట్టుకురావడం కష్టం. పరిశోధకులకు ఇచ్చే జే-1 వీసా మీద వెళితే జీవిత భాగస్వామి జే-2 మీద వచ్చి పని అనుమతికి దరఖాస్తు చేసుకోవచ్చు, అయితే అది చేతికి వచ్చేదాకా ఆయన ఇంట్లోనే. అక్కడి కేంద్ర చట్టం ఇచ్చే కుటుంబ సెలవు 12 వారాలు, అదీ జీతం లేకుండా, ఏడాది పని చేసినవారికి మాత్రమే. కొన్ని యూనివర్సిటీలు తమంతట తాము జీతంతో సెలవు ఇస్తాయి. మీ యూనివర్సిటీ ఏ కోవలోదో, ఆరోగ్య బీమా ప్రసవాన్ని పూర్తిగా భరిస్తుందో లేదో హెచ్‌ఆర్ విభాగాన్ని అడగవచ్చు. ఈ ప్రశ్నలు అడిగితే ప్రొఫెసర్ ఏమనుకుంటారో అని సంకోచించకండి. దీనికే ముఖం చిట్లించే ల్యాబ్‌లో రెండేళ్లు ఎలా గడుస్తాయో ఊహించుకోవచ్చు.

ఒకవేళ ఇక్కడే ఉండిపోతే? హైదరాబాద్‌లో మీ రంగానికి దగ్గరి పని జరిగే చోట్లు లేకపోలేదు. హబ్సిగూడలో కణ, అణు జీవశాస్త్ర కేంద్రం (సీసీఎంబీ), అత్తాపూర్‌లో దాని అనుబంధంగా అంతరించిపోతున్న జంతువుల సంతానోత్పత్తి మీద పనిచేసే లాకోన్స్, గచ్చిబౌలిలో జాతీయ పశు జీవసాంకేతిక సంస్థ, కేంద్రీయ విశ్వవిద్యాలయం ఉన్నాయి. ప్రభుత్వ నిధులతో నడిచే ప్రాజెక్టుల్లో రిసెర్చ్ అసోసియేట్‌కు 2023 నుంచి స్థాయిని బట్టి నెలకు 58,000 నుంచి 67,000 రూపాయలు, ఇంటి అద్దె భత్యం అదనం. ప్రసూతి సెలవు కూడా నిబంధనల్లో ఉంది. జాతీయ పోస్ట్‌డాక్టోరల్ ఫెలోషిప్‌కు వయోపరిమితి 35, మహిళలకు ఐదేళ్ల సడలింపు. జీవవైద్య పరిశోధనకు ఫెలోషిప్‌లు ఇచ్చే ఇండియా అలయన్స్ కార్యాలయం మన బంజారాహిల్స్‌లోనే ఉంది, వాళ్లు వయసు చూడరు. ఇందులో చిక్కు ఏమిటంటే, పీహెచ్‌డీ చేసిన ల్యాబ్‌లోనే ఇంకా కొనసాగితే తరువాత ఎంపిక కమిటీలు, ఇందులో మీ సొంత ఆలోచన ఎంత, గైడ్‌ది ఎంత అని అడుగుతాయి. అందుకని ఉంటే నగరంలో ఉండండి గాని, అదే ల్యాబ్‌లో ఉండకండి. సీసీఎంబీ వంటి సంస్థలను నడిపే సీఎస్‌ఐఆర్‌లో సైంటిస్టు పోస్టుకు సాధారణ వయోపరిమితి 32 అన్నది మీకు దాటిపోయింది, దాని గురించి ఇప్పుడు బెంగ అనవసరం. కేంద్రీయ విశ్వవిద్యాలయాల్లో అసిస్టెంట్ ప్రొఫెసర్ పోస్టుకు అలాంటి పరిమితి లేదు.

ఐవీఎఫ్ సెంటర్ ఉద్యోగాన్ని మీరు ఓటమిలా రాశారు. నాకు అలా అనిపించదు. చేతినైపుణ్యం, ఓపిక, చదువు మూడూ కావలసిన పని అది. కాకపోతే 2021 చట్టం కింద వచ్చిన నియమాలు ఎంబ్రియాలజిస్టుకు ఏ డిగ్రీ, ఎంత అనుభవం ఉండాలో నిర్దేశిస్తున్నాయి. ఎలుకల మీద చేసిన డాక్టరేట్ దానికి సరిపోతుందో, సరిపోకపోతే ఏ హోదాలో నియమిస్తున్నారో చేరే ముందే రాతపూర్వకంగా తీసుకోండి. అక్కడ 26 వారాల జీతంతో కూడిన ప్రసూతి సెలవు చట్టబద్ధమైన హక్కు. రెండు మూడేళ్లు పత్రాలు లేకుండా గడిచాక పరిశోధనలోకి తిరిగి రావడం మాత్రం కష్టం.

నా మొగ్గు ఎటో కూడా చెబుతాను, అంగీకరించనక్కర లేదు. నేనైతే ప్రొఫెసర్‌కు "వస్తాను, ఆరు నుంచి తొమ్మిది నెలల తరువాత" అని రాసి, ఈలోగా పరీక్షలన్నీ పూర్తి చేసి, ఇద్దరూ సిద్ధమైతే పిల్లల కోసం ప్రయత్నం మొదలుపెడతాను. గర్భం వస్తే ప్రసవం ఇక్కడ, పుట్టింటి అత్తింటి అండతో. తరువాత బిడ్డతో ప్రయాణమా, ఇక్కడే ఫెలోషిప్పా అన్నది అప్పటి పరిస్థితిని బట్టి. రాకపోతే, ఆ నెలలు వృథా కావు, ఏ వైద్యం కావాలో తేలుతుంది. ఈ దారిలో నష్టం ఉంది: ప్రొఫెసర్ ఆగకపోవచ్చు, గ్రాంటు ఆగకపోవచ్చు. వెంటనే వెళ్లే దారిలో ప్రాజెక్టు దక్కుతుంది, రెండేళ్ల వయసు ఖర్చవుతుంది. ఏ నష్టాన్ని మీరిద్దరూ కాస్త తేలిగ్గా మోయగలరో మీకే తెలుసు. వీటిలో ఏది ఎంచుకున్నా స్వార్థం అనిపించుకోదు.

ఒక జాగ్రత్త మాత్రం ఏ దారికైనా వర్తిస్తుంది. బీజకణాలను క్షయకరణ విభజనలోకి దించడానికి మీరు వాడే రెటినాయిక్ ఆమ్లం పిండానికి హాని చేసేది. కణజాలాలను స్థిరపరిచే ఫార్మాల్డిహైడ్ విషయంలోనూ జాగ్రత్త అవసరం. ప్రయత్నం మొదలుపెట్టిన నెల నుంచే, గర్భం నిర్ధారణ అయ్యేదాకా ఆగకుండా, ఆ పనులు మరొకరికి అప్పగించండి. లిక్విడ్ నైట్రోజన్ గదిలోకి ఒంటరిగా వెళ్లకండి. దీనికి గైడ్‌కు కారణాలన్నీ వివరించవలసిన పని లేదు, ల్యాబ్ భద్రతాధికారికి చెబితే చాలు.

అత్తగారి మాటకు జవాబు చెప్పవలసినది మీరు కాదు, ఆమె కొడుకు. పిల్లల్ని వాయిదా వేసింది ఇద్దరూ కలిసి తీసుకున్న నిర్ణయమని ఆయన ఒక్కసారి తల్లి ముందు చెబితే, గృహప్రవేశాల్లో ఆ ఊయల ప్రస్తావన చాలావరకు ఆగుతుంది.

గైడ్ గారి పట్టుదలలో కొంత న్యాయం ఉంది, మొదటి రచయితగా ఆ పత్రం లేకుండా ఏ ఫెలోషిప్ దరఖాస్తూ బలంగా ఉండదు. అయితే పత్రం అచ్చయ్యేదాకా అన్నది అంతులేని గడువు. రివ్యూయర్లు అడిగిన ప్రయోగాల్లో మీ చేయి తప్పనిసరిగా పడవలసినవి ఏవో విడదీసి, వాటికి ఒక తేదీ పెట్టండి. పత్రాన్ని ముందుగా బయోఆర్‌కైవ్‌లో (అచ్చుకాకముందే పత్రాలను అందరికీ చూపే వెబ్‌సైట్‌లో) ఉంచడానికి ఆయన ఒప్పుకుంటే దరఖాస్తుల్లో ఆ లింకు చూపవచ్చు. ఒప్పుకోకపోతే, మిగిలిన పని ఎవరు చేస్తారో, రచయితల వరుస మారదన్న మాటను ఈమెయిల్‌లో తీసుకున్నాకే నోట్‌బుక్కులు అప్పగించండి.